రాజేశం ఆగిన చోట్లు

జాజ్ సంగీతంలో మైనర్ స్వరాలంటే ఏడుపు పాట, అందులో అప్పటికప్పుడు అల్లే మనోధర్మం అంటే తోచింది ఊదడం అని మా హైదరాబాదు సంగీత మిత్రులు తేల్చేశారు. రెండూ తప్పే. వాళ్ల నోరు మూయించే సరుకు కోసం గోదావరిఖనిలో ఉన్న తమ్ముడు రాజేశం దగ్గరికి బయల్దేరాను. వాడిది బొగ్గుబావిలో డ్యూటీ. పెళ్లిళ్లలో శాక్సోఫోన్ ఊదుతాడు.

ఆదివారం ఉదయం ఏడింటికి సికింద్రాబాదులో రైలెక్కాను. పెద్దపల్లి దాటాక ఎదుటి సీటు అవ్వ అడిగింది: "పెండ్లికా బిడ్డా?"

"పాట నేర్చుకోవడానికి."

"గీ వయసులనా!" అని మూతి తిప్పుకుంది.

పదకొండున్నరకు రామగుండంలో దిగి, పది రూపాయలిచ్చి ఆటోలో ఇరుక్కుని గోదావరిఖనిలో వాడి క్వార్టర్ చేరాను. చేపల పులుసుతో అన్నం అయ్యాక రాజేశం కీబోర్డు ముందేసుకున్నాడు.

"ఈ మైనర్‌వి మన ఖరహరప్రియ స్వరాలేగా?" అన్నాను.

"స్వరాలు గవ్వే అక్కా. మన దాంట్ల షడ్జం కదలది. దీంట్ల మొత్తం అరమెట్టు పైకి జరుగుతది, కొంచెంసేపుండి మల్ల దిగుతది. ఎడమ చెయ్యి కార్డు, అంటె ఒక్కసారే మోగే మూడు నాలుగు స్వరాలు, పట్టుకొనే ఉంటది. గా కార్డుల లేని స్వరం మీద ఆగితె గుంజుతది, ఉన్నదాని మీద ఆగితె ఇల్లు చేరినట్టుంటది. ఏడ ఆగాల్నో ఎరుకుండాలె, గంతే."

నొక్కి వినిపించాడు. ఏడుపు రాగాల్లో ధైవతం చిన్నది, ఇందులో పెద్దది. అందుకే ఆ పాట ఏడవదు, పళ్లు కొరుకుతుంది.

"ఇక ఊది చూపించు."

మరదలు సుజాత లేచి కిటికీ మూసింది. "వద్దు వదినె. బుధవారం మెడికల్ బోర్డున్నది. దమ్ము లేదని అన్‌ఫిట్ రాస్తెనే ఈయన జాగల మా పోరనికి నౌకరి."

దగ్గు నిజమే, దవాఖాన కాగితాలున్నాయి. అయినా నాకు నా వాదనే ముఖ్యం. "రెండే నిమిషాలు," అన్నాను. అక్క మాట వాడు కాదనలేడు.

ఊదాడు. మూడుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిచోటా నా ఒళ్లు జలదరించింది. నాలుగోసారి ఎత్తుకోబోతుంటే తలుపు చప్పుడు. పక్క క్వార్టర్ మల్లేశం.

"ఏంది బావా, దమ్ము లేదంటివి? నలుగురు ఊదినట్టున్నది!"

అతని అన్‌ఫిట్ దరఖాస్తును బోర్డు పోయిన నెలే తిప్పికొట్టిందట. వెళ్తూ, "బోర్డు డాక్టర్లకు గూడ పాటలంటె పానమట," అని నవ్వాడు.

సుజాత నావైపు చూడలేదు. రాజేశం గోడకు ఆనుకుని దగ్గి దగ్గి, "ఇగ సమజైందా అక్కా?" అన్నాడు.

నాలుగున్నర రైలుకు తిరుగు ప్రయాణం. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఆటోలు స్టేషన్ బయటే దొరుకుతాయి. మీ పంతం కోసం మాత్రం ఎవరినీ ఊదమనకండి. సరుకు దొరికింది, హైదరాబాదులో నేనే నెగ్గుతాను. కానీ కాజీపేట దాటినా ఒకటి తేలలేదు. ఆ మూడుసార్లు రాజేశం ఆగింది స్వరం కోసమా, ఊపిరి అందకనా?