మా మధ్య కూర్చునే చుట్టాలు

కొండ కింద కాపురం పెట్టినవాళ్ళకు చుట్టాలకు కొదవ ఉండదు. దర్శనానికి బయలుదేరే ప్రతివాళ్ళకూ తిరుపతిలో మా ఇల్లు గుర్తొస్తుంది. తప్పు వాళ్ళది కాదు, పిలిచేది మా ఆయన. ఎవరు ఫోన్ చేసినా, "లాడ్జీ ఎందుకప్పా, మన ఇల్లు లేదా" అంటాడు. పరుపులు వేసేదీ, తెల్లారకముందే ఇడ్లీలు దించేదీ నేను. వంట నాకు కష్టం కాదు. ఆ మనిషి నాతో ఒక్క పూటైనా ఒంటరిగా కూర్చోడు, అదే కష్టం. చుట్టాలుంటే ఆయన మాటలకు అడ్డూ ఆపూ ఉండదు. వాళ్ళు రైలెక్కారంటే బెల్లం కొట్టిన రాయే.

విసిగిపోయి, మా అక్క మాట మీద ఆయన్ను కౌన్సెలింగుకు లాక్కెళ్ళాను. అక్కడి మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఆయనది తప్పుకుపోయే రకం అనుబంధమట, నాది వెంటపడే రకమట. వెంటపడీ వెంటపడీ కాపురం మీదే నాకు ఓపిక అయిపోయిందట. పెళ్ళైన ఏడాదికే నాకు తెలిసిన సంగతి ఇది, పేరొక్కటే తెలియదు. ఆదివారం ఇద్దరే ఎక్కడికైనా వెళ్ళి రమ్మంది. ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు.

చంద్రగిరి కోటకు పోదామన్నాను. పులిహోర కలిపాను. బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకున్నాను. ఆశ చావలేదు మరి. కారు మాత్రం బస్టాండు ముందు ఆగింది. చిత్తూరు నుంచి ఆయన పెదనాయన కొడుకూ, భార్యా సంచులతో దిగి నిలబడి ఉన్నారు.

"వాళ్ళు కోట సూడలేదంట," అన్నాడు నా వైపు చూడకుండా.

"మీరు పిలిచినారా, వాళ్ళే వస్తామన్నారా?"

"నేనే రమ్మన్నాను. మనిద్దరమే ఆడికి పోయి ఏం మాట్లాడుకునేది?"

పులిహోర డబ్బా ఆవిడ చేతిలో పెట్టి ఆటో ఎక్కాను.

సాయంత్రం ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. గడప దగ్గరే ఆపాను.

"తిరుచానూరులో లాడ్జీలు కావలసినన్ని ఉండాయి. ఈ పొద్దు ఈడ కుదరదు."

మొహాలు మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ. వాళ్ళను లాడ్జీలో దింపి ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు, తనే మా ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టంలా. నేను ఎదురుగా కూర్చున్నాను. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు.

"టీవీ పెట్టేదా?"

పెట్టుకోమన్నాను. లేచి వెళ్ళి నా గదిలో పడుకున్నాను. వెంటపడే రకం ఇక ఈ ఇంట్లో లేదు.