గంట కొట్టినవాడి లెక్క

గోదావరి మీద రైలు వంతెనకి ఇంకా స్తంభాలు లేస్తున్న ఆ రోజుల్లో, రాజమహేంద్రవరం మొత్తం మీద మా వీధిలాంటి వీధి మరొకటి లేదని అందరూ అనేవారు. అందరూ అంటే మా వీధివాళ్ళే. రేవు మెట్ల దగ్గర మొదలై, నేను అక్షరాలు కూర్చే అచ్చుకూటం దాకా నాలుగు వందల అడుగులు. బండి అక్కర్లేదు, గొడుగు కూడా అక్కర్లేదు, చూరు నీడలోనే నడిచిపోవచ్చు. అయితే ఆ నాలుగు వందల అడుగులూ నడవడానికి గంటన్నర పట్టేది. మొదటి అరుగు మీద వీణ, రెండో అరుగు మీద హరికథ సాధన, మూడో అరుగు మీద అద్దం పలకల వెనక దేవుడి బొమ్మలు వేసే ఆయన, నాలుగో అరుగు మీద ఇంతవరకూ ఎవరూ చివరిదాకా వినని కావ్యం. ఏ అరుగు ముందూ ఆగకుండా పోవడం అపచారం. ఆగి, తల ఊపి, ‘భేష్’ అనాలి. ఒక్కసారే అంటే వెటకారం అనుకునేవారు, మూడుసార్లు అంటే మళ్ళీ మొదటినుంచి వినిపించేవారు. సరిగ్గా రెండుసార్లు అనడం నేర్చుకునేసరికి అచ్చుకూటంలో నా ఉద్యోగం రెండుసార్లు పోయి వచ్చింది. మృదంగం ఆయన తాళం తప్పినప్పుడల్లా తప్పంతా వంతెన దగ్గర సమ్మెట దెబ్బల మీదకి నెట్టేవాడు. (ఆ సమ్మెటవాళ్ళ తాళం మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. వాళ్ళని ఎవరూ భేష్ అనలేదు, అది వేరే సంగతి.)

అలాంటి వీధిలో, ఏ కళా లేకుండా బతుకుతున్న ఏకైక ప్రాణిని నేను. మూడో ఫారంలో బడి మానేశాను (బడి కూడా నన్ను పెద్దగా బతిమాలలేదు). నేనుండే ముందుగది తాళం తాతగారిది. ఆయన తొడ మీద, తలుపు మీద, అన్నం తింటున్నప్పుడు పీట మీద కూడా తాళం వేస్తూనే ఉండేవారు కనక ఆ పేరు. కళ ఉన్నవాడికే గది ఇస్తానన్నది ఆయన నియమం. ఉగాదికి నేను గది అడగడానికి వెళ్ళినప్పుడు, “నీకేం వచ్చునోయ్?” అన్నారు.

“నేర్చుకుంటున్నానండి.”

“ఏమిటి?”

“ఇంకా తేల్చుకోలేదండి.”

ఎందుకో ఆ జవాబు ఆయనకి నచ్చింది. దసరా దాకా గడువిచ్చారు. ఈలోపు పాట ప్రయత్నించాను. మూడో రోజున ఆయనే లోపలికి వచ్చి, “నీ గొంతుకి శ్రుతి కావాలంటే పడవెక్కి అవతలి ఒడ్డున వెతుక్కోవాలోయ్, ఈ ఒడ్డున లేదు” అని శాంతంగా చెప్పి వెళ్ళారు. తరవాత బొమ్మ ప్రయత్నించాను. నేను వేసిన వినాయకుణ్ణి చూసి అద్దం పలకల ఆయన, “ఎవరండీ ఈ ప్లీడరుగారు?” అని అడిగారు. ఇంతలో పిఠాపురం నుంచి ఒక ఫిడేలు ఆయన ఆ గదికోసం ఉత్తరం రాశాడు. దసరాకి ఏదో ఒకటి చేసి చూపించకపోతే నా పెట్టె వీధిలో ఉంటుంది, నా గదిలో ఫిడేలు ఉంటుంది. ఊళ్ళో గదులు వేరే లేవా అంటే ఉన్నాయి. కానీ ఆ వీధిని తిట్టుకుంటూ నడవకపోతే నాకు అప్పటికే తోచడం మానేసింది.

నా అదృష్టం కొద్దీ గవదబిళ్ళలు వచ్చాయి. నాకు కాదు. విజయదశమినాడు మధ్యాహ్నం తాతగారి లోగిలిలో ఆయన అల్లుడుగారి అష్టావధానం పెట్టారు. అంటే ఎనిమిదిమంది కలిసి ఒక్క మనిషిని ఒకేసారి వేధించడం, ఆయన ఎవరికీ లొంగకుండా కూర్చోవడం. ఒకాయన నాలుగు పొసగని మాటలిచ్చి పద్యం చెప్పమంటాడు, ఒకాయన చదరంగం ఆడతాడు, ఒకాయన వెనకనుంచి వీపు మీద పువ్వులు విసురుతాడు. ఇంకొకాయన మధ్యమధ్య తనకి తోచినప్పుడు గంట కొడతాడు. మొత్తం ఎన్ని గంటలు కొట్టాడో అవధాని చివర్లో చెప్పాలి. ఆ గంట కొట్టే ఆయనకే గవదలు. పొద్దున్నే తాతగారు నా గది ముందు నిలబడి, గుమ్మం మీద రెండు దరువులు వేసి, “ఇది బడి మానేసినవాడు కూడా చెయ్యొచ్చునోయ్. ఎడమ ఒడిలో చింతగింజలు పోసుకో. గంట కొట్టినప్పుడల్లా ఒక గింజ కుడి ఒడిలోకి మార్చు. చివర్లో కుడి ఒడిలో ఉన్నవి లెక్కపెట్టు. ఇదైనా చేశావంటే గది నీది” అన్నారు.

చింతగింజలు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు. వీధి చివర పేలాలు వేయించే అవ్వ దగ్గర వేడివేడి శనగలు ఉన్నాయి. గింజ గింజే కదా అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తత్త్వవిచారం అదొక్కటే.

పావుగంట దాకా అంతా సవ్యంగానే నడిచింది. అల్లుడుగారు కళ్ళు మూసుకుని పద్యపాదం చెబుతుంటే నేను ఠంగుమనిపించేవాణ్ణి, ఒక శనగ కుడివైపుకి మార్చేవాణ్ణి. మహా ఠీవిగా ఉంది. కానీ ఆ ఎనిమిదిమందిలో లోకాభిరామాయణం ఆయన ఒకరున్నారు. అడ్డమైన కబుర్లూ చెప్పి అవధాని ధ్యానం చెడగొట్టడం ఆయన పని. ఆ పనికి మా పొడుం ప్లీడరుగార్ని కూర్చోబెట్టారు.

ఆయన ముక్కుపొడుం ఒక పట్టు పట్టి, “అల్లుడుగారూ, తమరు వచ్చి పన్నెండు రోజులైంది. మామగారింట్లో ఎన్నాళ్ళుంటే మర్యాదంటారు?” అన్నారు.

“ఎన్నాళ్ళో ఎందుకండీ, తమరు పట్టిన దావా ఒక్కటి తేలేదాకా ఉంటే చాలు.”

“అయితే మనవలు పుట్టేదాకా ఉంటారన్నమాట.”

“తమరి కక్షిదారులు అలాగే ఉంటున్నారు కదండీ.”

జనం ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూ గంట కొట్టాను, నవ్వుతూ శనగ తీశాను, నవ్వుతూ నోట్లో వేసుకున్నాను. అది తెలిసి చేసిన పని కాదు. ఎదురుగా ఇంత వినోదం, ఒళ్ళో ఇన్ని శనగలు. గోదావరి నీళ్ళు తాగినవాడెవడైనా అదే చేస్తాడు. చివర్లో కుడి ఒడి తడిమి చూసుకునేసరికి, అంతకుముందు మార్చినవి కూడా పోయి, అందులో పొట్టు మాత్రమే ఉంది. పొట్టు లెక్కపెడదామా అని కూడా ఆలోచించాను, కానీ గింజకి రెండు పొట్టులు, కొన్ని గింజలకి అసలు లేవు.

అల్లుడుగారు పద్యాలన్నీ అప్పజెప్పారు. వీపు మీద పడ్డ పువ్వులు ఇరవై ఆరన్నారు, సరిపోయింది. ఆ తరవాత నావైపు తిరిగి, “గంటలు ముప్పై ఎనిమిది” అన్నారు. తాతగారి తొడ మీద తాళం ఆగిపోయింది. ఆ చెయ్యి ఆగడం నేను అదే మొదటిసారి చూశాను. లోగిలంతా నన్నే చూస్తోంది. కాదంటే మరి ఎన్ని గంటలో చెప్పాలి. తిన్నానంటే గది పోతుంది.

“ముప్పై ఎనిమిదేనండి” అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. “ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు” అని కూడా అన్నాను.

చప్పట్లు. అల్లుడుగారికి శాలువా కప్పారు. తాతగారు నా భుజం మీద ఆదితాళం పూర్తిగా ఒక ఆవర్తం వేసి, “నీలో ఏకాగ్రత ఉందోయ్, ఇన్నాళ్ళూ కనిపెట్టలేకపోయాను” అన్నారు. ఆ సాయంత్రమే పిఠాపురానికి ఉత్తరం వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటుంటే వెనకనుంచి, “నలభై మూడు” అని వినిపించింది. తాతగారి అక్కగారు. చిన్నప్పుడే భర్త పోయి, పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. అందరూ దొడ్డమ్మగారనే పిలిచేవారు.

“ఏంటండీ?”

“నువ్వు కొట్టినవిరా. తెర వెనకాల కూర్చుని కార్తీక పున్నానికి వత్తులు చేసుకుంటున్నాను. గంట వినపడ్డప్పుడల్లా ఒక వత్తి విడిగా పెట్టాను.” ఇత్తడి పళ్ళెంలో ఒక పక్కగా వత్తులు వరసగా ఉన్నాయి. “కావాలంటే చూసుకో. లెక్కపెట్టడం వచ్చుగా?”

చేద గట్టు మీద పెట్టేశాను. “తాతగారికి చెప్పారా అండి?”

“నన్నెవడు అడిగాడురా. అడగడానికి ఎనిమిదిమందిని కూర్చోబెట్టారు, చెప్పడానికి ఒకణ్ణి కూర్చోబెట్టారు. మూడో పద్యంలో ప్రాస కూడా చెడింది. మీరందరూ భేష్ అన్నారు.” ఆవిడ వత్తులు సర్దుకుంటూ, “ఆ శాలువా చూసి మా పిల్ల మొహం ఎంత వెలిగిందో. పోనీలే. పున్నానికి కాల్చేస్తాను, ఆ తరవాత నువ్వు చెప్పిందే నిజం” అన్నారు.

అన్న మాట నిలబెట్టుకున్నారు. కార్తీక పున్నమినాడు సాయంత్రం రేవు మెట్ల మీద మూడువందల అరవై అయిదు వత్తులూ ఒకే కట్టగా నేతిలో ముంచి వెలిగించారు. ఏవి గంటల వత్తులో ఏవి మామూలువో ఆవిడకే తెలియకుండా అన్నీ కలిసి మండాయి. గోదావరి గాలి ఎక్కువగా ఉంది. ఆ మంట మధ్యలో ఆరిపోతుందేమోనని నా ఉత్తరీయం అడ్డం పట్టుకుని, ఆఖరి వత్తి బూడిదయ్యేదాకా కాపలా కాశాను. ఎంత భక్తి అని చూసినవాళ్ళు మెచ్చుకున్నారు.

ఆ గదిలో పదకొండేళ్ళున్నాను. అల్లుడుగారికి బిరుదులు చాలా వచ్చాయి. ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది, పళ్ళు సగం పోయాయి. అన్ని కళలున్న మా వీధి మొత్తానికి సరైన లెక్క ఒక్కటే ఉండేదని, దాన్ని అంత శ్రద్ధగా, గాలి కూడా తగలకుండా కాల్చినవాడు ఒక ఇరవయ్యేళ్ళ కుర్రవాడని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.