హజరత్తయ్య నాలుక

మా ఊరు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు, సముద్రానికి మూడు కిలోమీటర్ల లోపల ఉంటుంది. ఎవరు కొత్తగా బోరు వేసినా, నారుమడికి నీళ్లు పెట్టాలన్నా ముందు హజరత్తయ్యకు కబురు వెళ్లేది. ఆయనకు రెండెకరాల మాగాణి, అరవై ఎనిమిదేళ్ల వయసు, ఊరంతా నమ్మే నాలుక ఉన్నాయి. చదివింది ఐదో తరగతే. అయినా నీళ్ల సంగతి వచ్చేసరికి ఎంత పెద్ద అధికారైనా తన ముందు పసివాడే అన్నట్టు మాట్లాడేవాడు.

పరీక్ష రోజు వేపపుల్లతో పళ్లు తోముకుని, కాఫీ కూడా ముట్టకుండా వచ్చేవాడు. బోరును కాసేపు పారనిచ్చి, నీళ్లు దోసిట పట్టి నోట్లో పోసుకుని కళ్లు మూసుకునేవాడు. పుక్కిలించి ఉమ్మేవాడే తప్ప మింగేవాడు కాదు. తియ్యనివంటే నారు పోసుకోవచ్చు. ఉప్పు తగిలిందంటే ఆ బోరు మీద ఆశ వదులుకోవాల్సిందే. సొంత బావమరిది బోరు నీళ్లు ఉప్పని చెప్పి, ఆయనతో రెండేళ్లు మాటల్లేకుండా గడిపాడు. నాలుకకు తగలని రుచి ఒక్కసారి కూడా చెప్పలేదని ఆయన గొప్ప. అది నిజమే.

రెండేళ్ల కిందట నరేంద్రబాబు అనే అధికారి నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు పట్టుకుని వచ్చాడు. సముద్రం పొంగినప్పుడల్లా కాలవల్లోకి ఉప్పునీళ్లు ఎక్కుతున్నాయని, పెన్నలో నీళ్లు తగ్గిన ఏడు భూమి అడుగున కూడా ఉప్పు లోపలికి జరుగుతోందని, బోర్లు తోడేకొద్దీ ఇంకా జరుగుతుందని చెప్పాడు. ఉప్పెక్కిన ఊళ్లకు జాబితా తయారవుతోందట. అందులో ఉన్న ఊరికి ఉప్పును తట్టుకునే వరి విత్తనం ఇస్తారు, తర్వాత పెన్న నీళ్లు పైపుల్లో తెస్తారు. మా నీళ్లలో ముంచితే మీటరు అంకె సరిగ్గా గీత మీద నిలబడింది. దాటితే జాబితాలోకి, దాటకపోతే బయటికి. గీత మీదే ఉంటే ఊరివాళ్ల మాట రాసుకోవాలని నిబంధన.

అందరూ హజరత్తయ్య వైపు చూశారు. ఆయన మీటరు వైపు కోపంగా చూశాడు.

"మా తాతలకాడ్నుంచి తాగతా ఉండాం సార్. తియ్యటి నీళ్లు. ఆ పుల్లకేం తెలుస్తాది?"

నరేంద్రబాబు అదే రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. మిషను మీద మా ఊరు గెలిచిందని అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. తెలివితేటల్లో ఎవరికి ఎవరం తీసిపోలేదు.

ఆ ఏడే రేవతి నారు మాడిపోయింది. రేవతి హజరత్తయ్య తమ్ముడి కూతురు, ఎకరన్నర కౌలుకు చేస్తుంది. మొలకల కొనలు ఎర్రబడి, పదిరోజుల్లో మడంతా ఎండిపోయింది. విత్తనం నాసిరకమన్నాడు హజరత్తయ్య. మరుసటి ఏడు కూడా అంతే అయితే ఎరువు ఎక్కువైందన్నాడు. నీళ్లు తియ్యనివని పెదనాయన చెప్పాడు కాబట్టి తప్పు తనదేనని రేవతి నమ్మింది. మూడోసారి కూడా పోతే పొలాన్ని రొయ్యల గుంటలకు ఇచ్చేస్తానని ఆసామి చెప్పేశాడు.

ఈ ఏడు ఆగస్టులో హజరత్తయ్యకు కంటిలో శుక్లం తీశారు. కోవూరులో కూతురు అనూష ఇంట్లో నెలరోజులున్నాడు. అక్కడ తాగేది పెన్న నీళ్లు. ఇంటికొచ్చి, ఎండన పడి వచ్చాడేమో, చెంబెత్తి గుక్కెడు నోట్లో పోసుకుని వాకిట్లోకి ఉమ్మేశాడు.

"ఏమే, కుండలో ఉప్పు పోసినావా?"

"నేనెందుకు పోస్తానయ్యా? రోజూ తాగే నీళ్లే" అంది భార్య ఆదిశేషమ్మ.

ఆయన చెంబు అక్కడే పెట్టి బయటికి వెళ్లాడు. సాయంత్రానికల్లా ఊళ్లో ఏడు బోర్లు రుచి చూశాడు. ఏడూ ఉప్పే. ఉప్పు ఒక్కరోజులో రాలేదు. ఏడాదికి కాస్త చొప్పున వచ్చింది, ఆ కాస్తకూ నాలుక అలవాటు పడింది, ఊరందరి నాలుకలూ అలాగే పడ్డాయి. రేవతి మడి గుర్తొచ్చి ఆయన అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఆ సంగతి ఆదిశేషమ్మ నాకు తర్వాత చెప్పింది.

మర్నాడు సీసాలో నీళ్లు పోసుకుని మండలాఫీసుకు వెళ్లి నరేంద్రబాబును కలిశాడు. మీటరు ఇప్పుడూ గీత మీదే ఉంది. "అయితే మీరే మళ్లీ చెప్పాలి. ఊళ్లో, అందరి ముందు రుచి చూసి సంతకం పెట్టాలి" అన్నాడు ఆయన. ఇంతలో వాయుగుండం డ్యూటీలు పడ్డాయి. ఆయన రావడానికి నలభై రోజులు పట్టింది.

ఈలోపు హజరత్తయ్య చెప్పినా ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

"కంటికి కత్తి పెడితే నాలుక పొయ్యిందే!" అన్నాడు పక్కింటి రమణయ్య. "మాకెవురికీ తగలని ఉప్పు నీకొక్కడికే తగిలిందా అన్నా?"

ఇందుకూరుపేట నుంచి టిన్ను నీళ్లు తెప్పిస్తానంది ఆదిశేషమ్మ. ఆయన ఒప్పుకోలేదు. "ఊరంతా ఇయ్యే తాగతా ఉంటే నాకొక్కడికి టిన్నా?" అన్నాడు. మొదట్లో కషాయం మింగినట్టు మొహం పెట్టి తాగేవాడు. ఇరవై రోజులకు ఆ మొహం పోయింది. ఒకరోజు చెంబుడు తాగి, మళ్లీ అడిగి తాగాడు. ఆదిశేషమ్మ గమనించింది.

అక్టోబరు ఆఖరున నరేంద్రబాబు వచ్చాడు. నారు పోసే రోజులు. రేవతి విత్తనాల బస్తా ఇంట్లో పెట్టుకుని, ఏమంటారో విందామని వచ్చింది. బోరు దగ్గర పాతికమంది దాకా పోగయ్యాం. మీటరు పాత అంకే చూపించింది.

హజరత్తయ్య దోసిట నీళ్లు పట్టి నోట్లో పోసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎప్పటికన్నా చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఈసారి ఉమ్మలేదు. మింగాడు.

"ఉప్పు సార్. రాసుకోండి."

"నిజంగానా పెదనాయనా?" అంది రేవతి.

"నిజమేమ్మా. ఆ పొద్దు నేను తప్పు చెప్పినా. నీ నారు విత్తనం వల్ల పోలా, ఎరువు వల్ల పోలా. నా మాట వల్ల పొయ్యింది."

హజరత్తయ్య సంతకం పెట్టాడు. నవంబరు రెండో వారానికి జాబితాలో మా ఊరి పేరు వచ్చింది. కొత్త విత్తనం రేవతి మడిలో పచ్చగానే లేచింది. పైపులు ఇంకా రాలేదు.

సంతకం పెట్టిన రోజు ఇంటికెళ్లాక ఆదిశేషమ్మ చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన మొత్తం తాగేదాకా చూసింది.

"ఎట్టుండాయి?"

హజరత్తయ్య చెంబు కింద పెట్టాడు.

"తియ్యగా ఉండాయే. బోరు కాడా తియ్యగానే ఉండినాయి."

"నాకు తెలుసు" అంది ఆదిశేషమ్మ.

ఆ తర్వాత ఆయన ఎవరు పిలిచినా బోరు దగ్గరికి వెళ్లలేదు. మీటరున్నోళ్లను పిలుచుకోండి అని చెప్పి పంపేవాడు.