మూడో పిలుపు

లక్క కరిగే వాసన మీలో ఎంతమంది ఎరుగుదురో తెలియదు. మాడిన చింతగింజల వాసనకు కొవ్వొత్తి పొగ తోడైనట్టు ఉంటుంది. ఏటా మార్చి వచ్చిందంటే మా ఆఫీసు నిండా అదే. ఏళ్ళ తరబడి ఇంటి పన్ను కట్టకుండా వదిలేసిన ఖాళీ ఇళ్ళకు మేం తాళం వేస్తాం. ఆ తాళానికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర ఒత్తుతాం. మొన్న పొద్దున అటెండర్ సాయిలు ఈ ఏడు వచ్చిన లక్క మంచిదో కాదో చూద్దామని ఒక ముక్క వెలిగించాడు. అదే సమయానికి మొండి బకాయిల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. ఒక్కో పేరూ వేలితో చూసుకుంటూ వెళుతున్నాను. ఏడో పేరు నర్సింగం సార్‌ది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. నాకీ పని నేర్పింది ఆయనే.

మాది కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను. చెబితే మా కమిషనర్ నొచ్చుకుంటాడు, నాకింకా బోలెడు సర్వీసు ఉంది. నీళ్ళ విభాగంలో వాల్వులు తిప్పే మా బాపు డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోతే, దయతలచి నాకు బిల్ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఇంట్లో నన్ను కన్న అవ్వ, నేను, నా డిగ్రీ పొగరు, అంతే. మొదటి రోజు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ గదిలోకి వెళితే, సన్నగా పొడుగ్గా ఉన్న ఒకాయన సోంపు నములుతూ రిజిస్టర్‌కు అట్ట వేసుకుంటున్నాడు. మాట్లాడే ముందు ఆయన గొంతులో "హుఁ" అని ఒక చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు చేసి, తలెత్తి చూసి, "నువ్వు రాజన్న బిడ్డవు గదా. మీ బాపు వాల్వు తిప్పేముందు పైపు మీద చెయ్యి పెట్టి చూసెటోడు. నీకు గా ఓపిక ఉన్నదా?" అన్నాడు. ఉందన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మా పనికి ఒక నియమం ఉంది. మనుషులు కాపురముంటున్న ఇంటికి సీలు వేయకూడదు. అలాంటి ఇంటికి ఎర్ర నోటీసు అంటించి, మహా అయితే నల్లా కట్ చేస్తాం. సీలు ఖాళీ ఇళ్ళకే. అందుకని వేసే ముందు లోపల ఎవరూ లేరని రూఢి చేసుకోవాలి. మిగతావాళ్ళు తాళం కప్ప చూసి రూఢి చేసుకునేవారు. నర్సింగం సార్ పిలిచి చూసేవాడు. అదీ మిట్టమధ్యాహ్నం. "పనికి పోయినోళ్ళు గుడ బువ్వకు ఇంటికొస్తరు" అనేవాడు. గడప ముందు నిలబడి, చెప్పులు విడిచి, రిజిస్టర్‌లో ఉన్న పేరును ఉన్నట్టుగా బిగ్గరగా పిలిచేవాడు. కాసేపు ఆగేవాడు. రెండోసారి పిలిచి ఇంకాస్త ఎక్కువసేపు ఆగేవాడు. మూడోసారి పిలిచాక మాత్రం ఇంటి ముందు అరుగులా ఉండే గద్దె మీద కూర్చుండిపోయేవాడు. ఎంతసేపు అన్నది ఆయనకే తెలియాలి.

ఆ పేర్ల సంగతి చెప్పాలి. తండ్రి పేరు మీద ఉన్న ఇల్లు కొడుకు పేరు మీదికి మార్పించుకోవాలంటే ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి, కాబట్టి ఎవరూ మార్పించుకోరు. మా రిజిస్టర్‌లో సగం మంది చచ్చిపోయినవాళ్ళే. నోటీసులు వాళ్ళ పేరు మీదే పోతాయి, బకాయిలు వాళ్ళ పేరు మీదే పెరుగుతాయి. అంటే సార్‌తో కలిసి నేను చేసిన పని, ఎండ నిలువునా దిగే వేళ నిర్మానుష్యంగా ఉన్న గల్లీల్లో చచ్చిపోయినవాళ్ళను పేరు పెట్టి పిలుచుకుంటూ తిరగడం. ఆయన గొంతు విని నీడలో పడుకున్న కుక్కలు లేచి నిలబడేవి. మొరిగేవి కావు. మూసిన తలుపు వైపే చూసేవి. నాకు వీపు మీద చల్లగా పాకేది. అది పైకి తెలియకుండా ఫోన్ చూసుకునేదాన్ని.

ఒకసారి అడిగేశాను. "సార్, గాయన సచ్చిపోయి పదేండ్లు. మూడుసార్లు ఎందుకు పిలుసుడు?"

"హుఁ. రిజిస్టర్ల ఉన్న పేరుకే ఇల్లు పలుకుతది బిడ్డా. ఇగ మూడుసార్లంటవా, మొదటి రెండు పిలుపులు ఎవ్వలివైనా కావచ్చు. మూడోది మనిషిది."

ఆ మాట నాకు కొత్త కాదు. మా బాపమ్మ కూడా అదే చెప్పేది. మిట్టమధ్యాహ్నం గానీ పొద్దుగూకాక గానీ బయట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు, దయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిచిందంటే మనిషే అని. మా వైపు పాతకాలపు వాళ్ళంతా ఇప్పటికీ అలాగే ఉంటారు. డిగ్రీ చదివిన నేను నవ్వి ఊరుకున్నాను. పైగా కొన్నాళ్ళకు అందులోని కిటుకు నాకు తెలిసిపోయిందనుకున్నాను. రాజేశం అనే కిరాణా షాపాయన మేం వస్తున్నామని తెలిసి, భార్యతో బయట తాళం వేయించుకుని లోపల నక్కాడు. సార్ మొదటిసారి పిలిచాడు, చప్పుడు లేదు. రెండోసారి కూడా లేదు. మూడోసారి పిలిచేసరికి చిన్నప్పటి నుంచి పడిన అలవాటు ఊరుకోలేక లోపల్నుంచి "ఆఁ!" అనేశాడు. సార్ నవ్వలేదు. "రాజేశం, తిన్నవా?" అని అడిగాడు. నేను మాత్రం వారం రోజులు ఆఫీసంతా చెప్పి నవ్వించాను. దాక్కున్నవాళ్ళను పట్టుకునే ఉపాయమని, అంతకంటే ఏమీ లేదని నమ్మాను.

నేను చేరాక వచ్చిన మొదటి మార్చి ఆఖరి వారంలో సార్ కరీంనగర్‌లో మీటింగుకు వెళుతూ మూడు ఇళ్ళు నాకు అప్పగించాడు. సాయిలు, నేను రెండు ముగించి మూడోదానికి వచ్చేసరికి పన్నెండు దాటింది. గల్లీ చివర పాత గూనపెంకుల ఇల్లు. అటూ ఇటూ ఇళ్ళు ఎప్పుడో కూలిపోయాయి. రిజిస్టర్‌లో పేరు ఓదెలు. ఆయన పోయి ఏడాది. భార్య కనకవ్వ బొగ్గుగనుల కాలనీలో కూతురి దగ్గర ఉంటోందని విన్నాం. నల్లా రెండు నెలల క్రితమే కట్ చేశాం. తలుపుకు బయటి గొళ్ళెం వేలాడుతోంది, తాళం లేదు. దొంగలు పగలగొట్టి ఉంటారులే అనుకున్నాను. నెట్టి చూడలేదు. ఆ తప్పు నాదే.

"ఓదెలూ!" అని పిలిచాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. రెండోసారి పిలిచాను. అప్పుడు లోపల ఏదో జరిగింది. చప్పుడు అయిందని చెప్పలేను. అంతవరకూ ఉన్న ఏదో చప్పుడు ఆగిపోయినట్టయింది. తలుపుకు అవతల, నాకు జానెడు దూరంలో, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. మూడోసారి పిలిస్తే ఏదో పలుకుతుందని నాకు ఖాయంగా తెలిసిపోయింది. చచ్చిపోయిన మనిషి పలికితే నేనేం చేయాలి? "ఎండ కొడుతుంది, జల్ది కానియ్" అని సాయిలును తొందరపెట్టాను. తాళం పడింది, లక్క కాగింది, ముద్ర పడింది. నేను వెనక్కి చూడకుండా గల్లీ దాటాను.

మర్నాడు పొద్దున సార్ నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మూడిండ్లు అయినయా?"

"అయినయి సార్."

"పిలిచినవా?"

"పిలిచిన."

"హుఁ. ఎన్నిసార్లు?"

ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. "ఓదెలు ఇంటి కాడ రెండుసార్లే పిలిచిన సార్" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. చేతిలోని సోంపు కిందపడింది. సాయిలును సుత్తి తెమ్మని, నన్ను బండి మీద కూర్చోమన్నాడు.

ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. సాయిలు సుత్తి ఎత్తితే సార్ ఆపాడు. "ఒక్కపారిగ కొడితే లోపలున్నోళ్ళ గుండె పలుగుతది. నువ్వు పిలువు బిడ్డా. రెండు పిలిచినవు, మూడోది బాకీ ఉన్నవు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఓదెలూ!" అన్నాను.

తలుపు కింది నుంచి, దాదాపు నా కాళ్ళ దగ్గర నుంచి, ఒక గొంతు పలికింది. "ఆయన లేడు."

తాళం పగలగొట్టాక కూడా తలుపు రాలేదు. లోపల గడియ ఉంది. అది మెల్లగా, చాలాసేపటికి జరిగింది. కనకవ్వ గడపకు చేరగిలబడి కూర్చుని ఉంది. పెదవులు పగిలి, కళ్ళు లోతుకుపోయి ఉన్నాయి. వెనక గోడ కూలి పెరటి తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. తెచ్చుకున్న బిందెడు నీళ్ళు రాత్రికే అయిపోయాయట. గూట్లో దీపం కొండెక్కి ఉంది. భర్త పోయిన తిథికి తన ఇంట్లో దీపం పెట్టుకుందామని కూతురితో గొడవపడి మరీ వచ్చింది. నేను ఓదెలును పిలిచింది ఆ తిథి రోజే.

సార్ తన సీసాలోని నీళ్ళు మూతతో కొంచెం కొంచెంగా తాగించాడు. కాస్త తేరుకుని ఆమె నన్ను చూసింది. "నిన్న పిలిచింది నువ్వేనా బిడ్డా? సచ్చినోన్ని పిలిచెటోళ్ళు ఎవలుంటరు? సచ్చినోళ్ళే పిలుస్తరు. తీస్కపోను వచ్చిండ్రనుకున్న. గడియ మీద చెయ్యి పెట్టుకొనే కూసున్న. మూడోపారి పిలిస్తే మనిషే, తీద్దామని. రాత్రంత చూసిన. మూడోపారి పిలువలే."

అరిచి ఎవరినైనా పిలవకపోయావా అని సాయిలు అడిగాడు. "గవి వింటయని అరువలే" అంది. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే తలుపుకు ఇవతల నేను, అవతల ఆమె, ఒకరినొకరు దయ్యమనుకుని భయపడ్డాం. నేను వెళ్ళిపోగలిగాను, ఆమె వెళ్ళలేకపోయింది.

ఆమెను ఆటోలో ఆసుపత్రికి చేర్చి, సెలైన్ ఎక్కించి, ఇక భయం లేదని డాక్టర్ చెప్పాక ఆఫీసుకు వచ్చాం. సార్ నా ముందు తెల్లకాగితం పెట్టి "రాయి" అన్నాడు. నేను ఏడుస్తూ బతిమాలాను. ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు, పోతే అవ్వ, నేను రోడ్డున పడతాం. "సీలు మనమే తీసినం గదా సార్. ఎవ్వలకు తెల్వది."

"కనకవ్వకు తెల్సు" అన్నాడు.

"రెండుసార్లు మాత్రమే పిలిచితిని" అని రాశాను. ఆ వాక్యం కింద ఆయన తన వంతుగా "వెంట పోకుండా పంపినది నేను" అని రాసి సంతకం పెట్టాడు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. నాకు ఇంక్రిమెంటు ఆగింది, ఆయనకు రిటైర్మెంటు ముందు రావలసిన ప్రమోషన్ పోయింది. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. కనకవ్వ ఇల్లు ఆమె పేరు మీదికి మార్పించే కాగితాలన్నీ నేనే తిరిగి పూర్తి చేశాను. ఆ తర్వాత ఆమె అదే ఇంట్లో చాలా ఏళ్ళు బతికింది. నేను వెళితే గడప అవతల నిలబడి, మూడోసారి పిలిచాకే నవ్వుతూ తీసేది.

సార్ రిటైరై, భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. కొడుకు దుబాయ్‌లో. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళినవాడు తిరిగి ఇంటికి రాలేదు. కొడుకు వచ్చి, దినాలు చేసి, తాళం వేసి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే "వచ్చినప్పుడు కడుత మేడం" అంటాడు. రావడం లేదు, కట్టడం లేదు. జీవితమంతా ఊరి బకాయిలు వసూలు చేసిన మనిషి మొండి బకాయిదారై నా బల్ల మీదికి వచ్చాడు. ఇప్పుడు ఆయన కుర్చీలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని నేనే.

నిన్న మధ్యాహ్నం సాయిలు, నేను వెళ్ళాం. సాయిలుకు కూడా తల నెరిసింది. గల్లీలో ఎవరూ లేరు. తాళానికి తుప్పు పట్టింది, కిటికీ రెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. నేను చెప్పులు విడిచి, రిజిస్టర్ తెరిచి, ఉన్న పేరును ఉన్నట్టుగా పిలవాలి కాబట్టి, బతికుండగా ఏనాడూ పెట్టి పిలవని పేరుతో పిలిచాను. "నర్సింగం!" నీడలో పడుకున్న కుక్క లేచి నిలబడింది. చాలాసేపు ఆగాను. రెండోసారి పిలిచాను.

లోపల్నుంచి "హుఁ" అని వినిపించింది.

పావురమై ఉండవచ్చు. ఊడిన కిటికీలోంచి పావురాలు దూరి గూళ్ళు పెట్టి ఉంటాయి, అవీ అలాగే అంటాయి. సాయిలు నా మొహంలోకి చూశాడు. అతనికీ వినిపించింది. లక్క కరిగించాలా అని అడగలేదు. నేను గద్దె మీద కూర్చున్నాను. ఈసారి నాకు భయం వేయలేదు. మూడోసారి పిలిస్తే ఎవరూ పలకరని, అప్పుడు ఈ ఇంట్లో ఆయన లేడని నా చేత్తో నేనే రాయాల్సి వస్తుందని దుఃఖం వచ్చింది, అంతే. ఎండ గద్దె మీదికి వచ్చేదాకా కూర్చుని, లేచి, చెప్పులేసుకున్నాను.

ఆఫీసుకు వచ్చి ఏడో పేరు ఎదురుగా రాశాను: "రెండుసార్లు మాత్రమే పిలిచితిని. సీలు వేయలేదు." రేపు కమిషనర్ మెమో ఇస్తాడు, ఇవ్వనీ. సార్‌కు మూడో పిలుపు బాకీ ఉన్నాను. అది తీర్చుకోవడం నాకిప్పుడే ఇష్టం లేదు.