మూడు రోజులు దాచిన ఓటమి

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్‌లో ఇటలీ వాళ్ళ ఫుట్‌బాల్ ఆట చూస్తూ ఒక్క కేక పెట్టింది. అక్కడ బంతి వలలో పడగానే ఇక్కడ కడపలో మా కాఫీ గ్లాసు ఒలికిపోయింది. గుడ్డ తెచ్చి తుడుస్తుంటే మా బావ గుర్తుకొచ్చాడు. బావంటే మావారి అన్న. ఆయనకు ఒక్క గోలు కబురు అందాలంటే నెల పైన పట్టేది.

రెండో ప్రపంచయుద్ధంలో మిలిటరీ లారీ తోలుతూ ఇటలీ దాకా వెళ్ళాడాయన. సముద్రపొడ్డున ఒక ఊళ్ళో ఆరు నెలలు ఉండిపోతే, అక్కడి మెకానిక్ ఒకాయన స్నేహితుడై తమ ఊరి జట్టు ఆటలకు వెంట తీసుకుపోయేవాడట. తిరిగొచ్చి కర్నూలు నుంచి కడపకు బస్సు తోలుతున్నా, బావ మనసు మాత్రం ఆ జట్టు మీదే. ఆట కబుర్లు ఆ మెకానిక్ చెబితే, ఆయన కూతురు తన బడి ఇంగ్లీషులో ఉత్తరం రాసి పంపేది. కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధానై ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న ఆ ఏడే నేను ఆ ఇంటి కోడలినయ్యాను. మావారు ఒక గుడారంలో గుమాస్తా. ఇంటికొచ్చాక కాగితం కనబడితే ఆయనకు ఒళ్ళుమంట. కడప మిషను బడిలో చదివినదాన్నని ఉత్తరాలు చదివే పని నా మీద పడింది. బావ ఎదుట నిలబడకూడదు కాబట్టి తలుపు చాటు నుంచే చదివి, తెలుగులో చెప్పేదాన్ని.

నేను చదివిన మొదటి ఉత్తరంలోనే ఓటమి. రెండోదాంట్లోనూ అంతే. మూడోదాంట్లో పెనాల్టీ వచ్చింది, దాన్ని గోలు పక్కనుంచి బయటికి తన్నారు. పై డివిజన్‌లో అట్టడుగున నిలిచిన జట్లను కింది డివిజన్‌కు దించేస్తారట. వీళ్ళు ఆ అడుగునే పట్టుకు వేలాడుతున్నారు. "ఎడమ పక్క ఆడే ముసలోన్ని తీసేయమని రాయి పాపా! వాడు పరిగెత్తలేకపోతాండాడు!" అని బావ అరిచేవాడు. రాశాను. రెండు నెలలకు జవాబొచ్చింది: సలహా చాలా బాగుంది, అయితే ఆయన కాలు విరిగి ఎప్పుడో మంచాన పడ్డాడు. నాకు నవ్వాగలేదు. బావ మటుకు ఆ పూట సంగటి ముద్ద ముట్టలేదు. "ఎవురో తెల్లోల్లు బంతి తంతే నువ్వు పస్తుండేదేందిరా?" అని అత్త తల కొట్టుకుంది.

జూన్‌లో వచ్చిన ఉత్తరంలో, ఆఖరి ఆట గెలిస్తేనే నిలుస్తామని ఉంది. తేదీ చూస్తే ఆ ఆట అయిపోయి అప్పటికే నెల కావస్తోంది. "అయిపోయిన ఆటకు మొక్కుకుంటే దేవుడు ఇంటాడా?" అన్నాడు బావ. రోజూ నూనె రాసి, అద్దం ముందు పావుగంట నిలబడి దువ్వుకునే ఒత్తయిన జుట్టు ఆయనది. ఆ వారం కడపలో బస్సు దిగి అటునుంచటే ఒంటిమిట్టకు వెళ్ళి, కోదండరాముడికి ఆ జుట్టంతా ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున పోస్టు వచ్చింది. వంటింట్లో విప్పి చూశాను. ఆట డ్రా. చివర్లో బంతి గోలు కర్రకు తగిలి వెనక్కొచ్చింది. జట్టు కిందికి దిగిపోయింది. ఆ సాయంత్రమే బావ బోడిగుండుకు చందనం పూసుకుని, బుట్టెడు మామిడిపండ్లతో ఇంటికొచ్చాడు. "ఈసారి మంచి కబురే వస్తాది, చూస్తాండు పాపా," అని నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఉత్తరాన్ని కొర్రల కుండలో దాచేశాను. మూడు రోజులు బావ అత్తకు ఇటలీ కథలు చెప్పాడు, బస్సు హారన్ మోగించుకుంటూ సందులోకి వచ్చాడు.

గురువారం ఇక ఉండబట్టలేక, మొదటిసారి తలుపు దాటి వచ్చి ఉత్తరం ఆయన చేతిలో పెట్టి విషయం చెప్పాను. ఆయన కవరు తిప్పి మన పోస్టాఫీసు ముద్ర చూశాడు.

"ఇది సోమారం వచ్చిండాది."

"అవును బావా. నువ్వు సంతోషంగా ఉంటివని..."

"ఓడిపోయినారని కాదు పాపా. ఏడాదంతా నాకు అన్నీ ఆలస్యంగానే తెలిసె. సముద్రం ఆపె, ఓడ ఆపె. వాటిని ఏమనగలం? ఇంట్లోదానివి, నువ్వు గూడా ఆపితే ఎట్ల?"

కోపంతో అనుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన అలసిపోయి అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలను వీధి చివర ఆసుపత్రి కాంపౌండరు దగ్గరికి తీసుకుపోయి చదివించుకున్నాడు. నాతో మాట్లాడేవాడు, పండ్లు తెచ్చేవాడు, నా బిడ్డల్ని బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఇటలీ ఊసు మాత్రం నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. ఆ జట్టు తిరిగి పైకొచ్చిందో లేదో ఆయనా చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ రాలేదు.

ఆ మూడు రోజులూ నేను ఆయనకు ఇచ్చాననే శానా ఏళ్ళు అనుకున్నాను. అవి ఆయన దగ్గర నేను తీసుకున్నవని తెలిసేసరికి, వెళ్ళి ఒప్పుకుందామంటే బావ లేడు.