మాస్టారి చెంచా

విందులకు వండి పంపే ఆ వంటశాలలో వంట మాస్టారి మాటకు తిరుగులేదు. కొలత అడిగినవాణ్ణి ఎగాదిగా చూసేవాడు. అంతటివాడు వంటకంటే ఎక్కువ మురిసిపోయింది మాత్రం ఒక వంకర చెంచా చూసుకుని.

అక్కడ పిండి కలిపే యంత్రానికి ఒక మూత ఉంది. మూత తెరిస్తే యంత్రం టక్కున ఆగాలి, పనివాళ్ల చేతులకు ఏమీ కాకూడదని చట్టం పెట్టిన ఏర్పాటు అది. పిండి పోసినప్పుడల్లా ఆగుతూ కూర్చుంటే అంతమందికి వంట ఎప్పటికవుతుందని మాస్టారు ఒక చెంచా కాడ వంచి, మూత లేవగానే యంత్రాన్ని ఆపే మీటలో దోపాడు. ఇక మూత తెరిచినా యంత్రం తిరుగుతూనే ఉండేది. ఓనరు భుజం తట్టాడు. తనిఖీకి ఎవరైనా వస్తే చెంచా మాస్టారి జేబులోకి పోయేది, అందరూ ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఏం తెలివో ఏమో, తగలెయ్య!

ఆ యంత్రం దగ్గర పనిచేసేది ఆయన సొంత అక్క. బావ పోయాక తనే తీసుకొచ్చి పనిలో పెట్టాడు. ఒకరోజు మూత తెరిచి, అంచుకు అంటుకున్న పిండిని ఆమె లోపలికి తోయబోతే, యంత్రం కుడిచేతిని లాగేసింది. రెండు వేళ్లు పోయాయి. తోటివాళ్లు ఆమెను పట్టుకుని ఏడుస్తుంటే, తమ్ముడుగారు చేసిన మొదటి పని చెంచా తీసి జేబులో వేసుకోవడం.

చేతికట్టు ఇంకా విప్పకముందే లేబర్ ఆఫీసరు వచ్చి అక్కాతమ్ముళ్లను ఎదురుగా కూర్చోబెట్టాడు. తప్పు యాజమాన్యానిదని తేలితేనే ఆమెకు పరిహారం వస్తుందని చెప్పాడు.

"మూత తీస్తే ఆగాలి కదా. ఎందుకు ఆగలేదు?"

గుమ్మంలో ఓనరు నిలబడి ఉన్నాడు. మాస్టారు ఒకసారి అటు చూశాడు.

"ఆగుతుందండీ. ఆగేలోపే చెయ్యి పెట్టేసింది. మా అక్క కాస్త తొందర మనిషి."

అక్క తమ్ముడి ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. "అవునండీ, నాదే పొరపాటు" అంది.

ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు మాస్టారు.

ఇంటికొచ్చాక మాస్టారి భార్య ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, "ఎడంచేత్తో ఎలా తింటారు వదినా? ఉండండి, చెంచా తెస్తాను" అంది.

"వెతక్కులే అమ్మా. తమ్ముడి జేబులో ఉంటుంది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. చెంచా అడిగినట్టే అడిగింది. మాస్టారు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"చూశావా అక్కా? మరి ఆఫీసరుకెందుకు చెప్పలేదు?"

"నా పని ఎలాగూ పోయింది. నీది కూడా పోగొట్టమంటావా? తినరా, చల్లారిపోతోంది."

ఆయన ఇంకేం తినలేకపోయాడు. సిగ్గుతో అక్క కట్టువైపు చూడలేక, కంచం ముందు నుంచి లేచాడు.

తెల్లారి లేబర్ ఆఫీసు తలుపు తీసేసరికి మాస్టారు బయట నిలబడి ఉన్నాడు. చెంచా తీసి బల్లమీద పెట్టాడు.

"మీటలో అడ్డం పెట్టింది దీన్నేనండీ. పెట్టింది నేనే."

ఆఫీసరు కుర్చీ చూపించినా కూర్చోలేదు.