ప్లగ్గు పీకినా నమ్మొద్దన్న మాస్టారు

"ఆదివారం వచ్చి మూత బిగిస్తాను మాస్టారూ" అని నా తమ్ముడు చాలా ఏళ్ళ కిందట ఒక మాట ఇచ్చాడు. ఆ ఆదివారం రాలేదు. పోయిన నెలలో మాస్టారే వెళ్ళిపోయారు. తెల్లవారుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్న నిద్రలోనే పోయారు, మీకే ముందు చెప్తున్నాను" అంది. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళాను. ఎటు వెళ్ళాలో తోచక వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. అప్పటినుంచీ నా తీరు ఇదే. ఈ నాలుగు మాటలు కూడా లేస్తూ కూర్చుంటూ రాస్తున్నాను. అతుకులు కనిపిస్తే మన్నించండి, మన్నించకపోయినా నాకేం బాధ లేదు.

బతుకంతా పుస్తకాలు చదివినవాణ్ణి. పోయినవాళ్ళ మీద రాసినవి చదివితే మనుషులందరూ చచ్చిపోయాకే మంచివాళ్ళవుతారని అనిపిస్తుంది. మా మాస్టారికి ఆ అవసరం లేదు. పొదిలి హైస్కూల్లో సైన్సు చెప్పారు. కోపమొస్తే డస్టరు విసిరేవారు. గురి సరిగ్గా ఉండేది కాదు కాబట్టి మాట్లాడినవాడికి కాక వాడి పక్కవాడికి తగిలేది. తరవాత "నీకు తగిలిందా, సరేలే, నువ్వు కూడా ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతావుగా" అని సర్దిచెప్పేవారు. నేనూ నా తమ్ముడూ ఆయన దగ్గరే చదువుకున్నాం. నన్ను పెద్దాడా అనీ వాణ్ణి చిన్నాడా అనీ పిలిచేవారు. మాకు నెత్తి నెరిసినా ఆ పిలుపులు మారలేదు.

స్విచ్చు ముట్టుకునేటప్పుడు ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకోవడం ఆయన అలవాటు. "రెండు చేతులూ పెడితే కరెంటుకి గుండె మీదుగా దారి వేసినట్టేరా" అనేవారు. ఫ్యాను స్విచ్చుకీ అంతే, లిఫ్టు బొత్తానికీ అంతే. పింఛను తీసుకోవడానికి బ్యాంకు మిషను ముందు నిలబడినప్పుడు కూడా అంతే. వెనకున్నవాళ్ళు ఈయనెవరో తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని కాస్త దూరం జరిగేవారు.

రిటైరయ్యాక గుంటూరులో మా వీధి చివర ఇల్లు కట్టుకున్నారు. ఎండాకాలంలో మా నల్లరేగడి బీటలు తీస్తుంది కదా, దారి తప్పిన కరెంటును నేలలోకి దించే పెరటి ఎర్తు గుంట ఎండిపోతుందని రోజూ ఒక బకెట్టు నీళ్ళు పోసేవారు. పూలమొక్కలకు పోయడం మరిచిపోయినా దానికి మరిచేవారు కాదు.

ఆయన చెప్పిన పాఠాల్లో మా అందరికీ గుర్తుండిపోయింది ఒక్కటే. కరెంటు వస్తువును తుడవాలన్నా విప్పాలన్నా ముందు ప్లగ్గు పీకాలి. "పీకితే అది చచ్చిన పాము" అనేవారు. పొదిలి చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళల్లో ఈ మాట తండ్రులు పిల్లలకు చెప్పారో లెక్క లేదు.

ఇక మా తమ్ముడి సంగతి. మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం, సాయంత్రాలు ఇంట్లో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లు కట్టడం. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో కట్టేవాడు. పాట మెత్తగా, నిండుగా వినిపిస్తుంది, కాదనను. చూడ్డానికి అరచేతిలో పట్టేంత పెట్టె. లోపల మాత్రం గోడలోంచి వచ్చే కరెంటుకన్నా ఎక్కువ వోల్టేజీ ఉంటుంది. దాన్ని కెపాసిటర్లలో నిలవ పెడతారు, తొట్టిలో నీళ్ళు పట్టి ఉంచినట్టు. ప్లగ్గు పీకాక ఆ నిలవ మెల్లగా కారిపోవడానికి ఒక రెసిస్టరు ఉండాలి. చిటికెనవేలి గోరంత వస్తువు. మా తమ్ముడి పెట్టెల్లో అది లేదు. ఇనుప పెట్టెకి ఎర్తు తీగ లేదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాల్సిన చోట రెండు పిన్నులది. పైన మూత కూడా లేదు, వాల్వులు వెలుగుతుంటే అందంగా ఉంటుందని.

అలాంటిదొకటి గురుదక్షిణ అంటూ తెచ్చి మాస్టారి ఇంట్లో పెట్టాడు. మాస్టారి భార్యకు, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, చెవులు మందగించాయి. హరికథలంటే ఆవిడకు ప్రాణం. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ప్రతి మాటా వినపడుతోందని చిన్నపిల్లలా సంబరపడ్డారు. అవి తలకుండగానే గట్టిగా అరిచేవారు.

"ఏవండీ, స్టవ్ మీద పాలు పెట్టాను, చూడండి."

"చూస్తాలే. వీధిలో అందరూ చూస్తున్నారు మన పాలు" అనేవారు మాస్టారు. ఆవిడకు వినపడేది కాదు. ఆయన నవ్వడం చూసి ఆవిడా నవ్వేవారు.

పెట్టె తెచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. మాస్టారు ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని వంగి చూశారు.

"చిన్నాడా, మూత ఏదిరా?"

"ఆదివారం వచ్చి బిగిస్తాను మాస్టారూ. లోపల ఇంకొకటి పెట్టేది కూడా ఉంది. రెండూ ఒకేసారి చేసేస్తా."

"మర్చిపోతావేమో."

"మీ దగ్గర మర్చిపోతానా?"

అప్పుడు మాస్టారు అమ్మగారి వైపు తిరిగి, "దుమ్ము తుడవాలనిపిస్తే ప్లగ్గు పీకి తుడువు" అన్నారు. ఆవిడ తలూపారు.

పత్తి తీతల కాలంలో ఒక ఉదయం ఆవిడ పెట్టె స్విచ్చి వేశారు. దుమ్ము కనిపించింది. చెప్పినట్టే ప్లగ్గు పీకారు. ఒక చేత్తో పెట్టె పట్టుకుని ఇంకో చేత్తో తడిగుడ్డ పెట్టి తుడిచారు. తుడవడానికి రెండు చేతులూ కావాలి కదా. వాల్వులు వేడెక్కి ఉంటే లోపలి నిలవ వాటి గుండా కొంతైనా పోయేది. వేడెక్కకముందే పీకేసరికి మొత్తం అక్కడే ఉండిపోయింది. దెబ్బకు వెనక్కి పడ్డారు, గడప తగిలి తుంటి విరిగింది. ఆ వేళకి మాస్టారు పెరట్లో ఉన్నారు. అన్నేళ్ళు నీళ్ళు తాగిన ఆ ఎర్తుకి ఈ పెట్టె నుంచి ఒక్క తీగ లేదు; ఉన్నా ప్లగ్గు పీకాక అక్కరకొచ్చేది కాదు.

ఆసుపత్రికి మా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మగారు ప్లగ్గు తీయకుండా తుడిచుంటారు మాస్టారూ" అన్నాడు.

"ప్లగ్గు నేల మీద పడుందిరా."

"పడేటప్పుడు తీగ లాగేసి ఉంటారు."

మాస్టారు అమ్మగారి మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. బయట వసారాలో నా తమ్ముడు నా భుజం పట్టుకుని, "ఆ రెసిస్టరు ఒక్కటి పెట్టుంటే సరిపోయేది అన్నయ్యా. ఎవరితో అనకు" అన్నాడు. ఆ సాయంత్రమే మాస్టారితో అన్నాను. అలాంటి మాటలు దాచుకునే పెద్దమనిషితనం నాకు ఎప్పుడూ లేదు.

"నాకు తెలుసురా పెద్దాడా. మూత లేదుగా, ఆవిడ పడ్డాక లోపలంతా చూశాను" అన్నారాయన. "నువ్వు చెప్తే చాడీ అవుద్ది. వాడు చెప్తే పాఠం అవుద్ది. వస్తాడులే."

అమ్మగారు మళ్ళీ నడవలేదు. మిరపకాయలు కళ్ళాల మీదికి వచ్చేసరికి పోయారు. ముసలావిడ ప్లగ్గు తీయకుండా తడిగుడ్డ పెట్టిందట, అని చుట్టాలు అనుకున్నారు. మా తమ్ముడి వాల్వు అభిమానులకు ఫోన్లో ఒక గ్రూపుంది. అందులోనూ అదే మాట. మాస్టారు అక్కడ ఒక హెచ్చరిక రాస్తే, పెద్దాయనకి వాల్వులంటే భయమని నవ్వి, మర్నాటికి దాన్ని తీసేశారు. నవ్వినవాళ్ళలో కాలేజీలో ఎలక్ట్రానిక్సు చెప్పే ఆయన ఒకడున్నాడు. ఈ పత్రిక ఆయన ఇంటికి వస్తుంది. ఈ పేజీ దాకా వస్తాడనే ఆశతో రాస్తున్నాను.

అప్పటినుంచి మాస్టారికి ఒక పని పట్టుకుంది. తను చెప్పిన పాఠాన్ని తనే దిద్దుకుంటూ తిరిగారు. పొదిలిలో ఒక పెళ్ళికి నేనూ వెంట వెళ్ళాను. పెళ్ళికొడుకు తండ్రి ఆయన పాత విద్యార్థి. అక్షింతలు వెయ్యడానికి పైకెక్కిన మనిషి అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఒరేయ్, నీకు కరెంటు పాఠం ఎవరు చెప్పారు?"

"మీరే కదండీ."

"ప్లగ్గు పీకితే ఏమవుద్దన్నాను?"

"చచ్చిన పామన్నారండి."

"అది సగం మాట. కొన్ని పెట్టెల్లో పీకాక కూడా పాము బతికే ఉంటది. మిగతా సగం ఇప్పుడు చెప్తన్నా, విను."

"మాస్టారూ, ముహూర్తం దాటిపోతంది."

"ముహూర్తానికేం, మళ్ళీ పెట్టుకోవచ్చు. ముందు నువ్వుండాలిగా."

కింద అందరూ నవ్వారు. ఆయన చెప్పేదంతా చెప్పి, ఆ తరవాతే అక్షింతలు వేసి దిగారు.

మా తమ్ముడు పెట్టెలు ఎవరెవరికి ఇచ్చాడో వాకబు చేసి వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళేవారు. ఎండలో, బస్సుల్లో, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని. అందులో వోల్టేజీ కొలిచే ఒక మీటరు, ఎండు వెదురుపుల్లకు కట్టిన తీగా రెసిస్టరూ ఉండేవి. కనిగిరిలో ఒక పత్తి వ్యాపారి ఇంటికి వెళ్ళాం. మర్యాదగా మజ్జిగ ఇచ్చాడు కానీ పెట్టె ముట్టనివ్వలేదు.

"మూత ఎందుకు పెట్టలేదండీ?" అన్నారు మాస్టారు.

"వాల్వులు వెలగతంటే చూడ్డానికి బాగుంటదండి."

"పులి కూడా బోనులో లేకపోతేనే బాగుంటది."

వ్యాపారి నవ్వాడు. నవ్వాడు కాబట్టి ఒప్పుకున్నాడు. మాస్టారు స్విచ్చి వేయించి, వాల్వులు ఎర్రబడకముందే ఆపించి, ప్లగ్గు పీకించారు. దాన్ని అతన్నే పట్టుకోమన్నారు. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని మీటరు తీగలు ఒక్కొక్కటే లోపల ఆనించారు.

"ప్లగ్గు ఎక్కడుంది?"

"నా చేతిలోనే ఉందండి."

"ముల్లు ఎక్కడుంది?"

వ్యాపారి వంగి మీటరు చూసి, చేతిలోని ప్లగ్గు చూసి, మళ్ళీ మీటరు చూశాడు. "మూడొందలు దాటిందండి" అన్నాడు చివరికి. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "రోజూ మా అమ్మ తుడిచిద్దండి దీన్ని."

మాస్టారు వెదురుపుల్లతో ఆ నిలవంతా కారేదాకా పట్టుకుని కూర్చున్నారు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి, "నేను పూర్తిగా చెప్పుంటే బాగుండేదిరా" అన్నారు. అమ్మగారి గురించి అన్నారని నాకు తెలుసు. తప్పు మీది కాదన్నాను. వినిపించుకోలేదు. మా వీధి మలుపు రాగానే, "చిన్నాడు ఏమన్నా వచ్చాడేమో" అని తన గేటు వైపు తొంగిచూశారు. ఏ ఊరి నుంచి తిరిగొచ్చినా ఆ మలుపులో ఆ మాట అనేవారు. ఒకసారి వచ్చి నిజం చెప్పి వెళ్తాడని, అప్పుడు అమ్మగారి మీద పడ్డ మాట పోతుందని ఆయన ఆశ.

చివరికి మాస్టారి పెద్దకర్మ రోజున వాడు వచ్చాడు. కొత్త ఆంప్లిఫయరు తెచ్చి ఫొటో ముందు బల్ల మీద పెట్టి వెలిగించాడు. చక్కటి మూత, మూడు పిన్నుల ప్లగ్గు. మూతకి కన్నాలు పెట్టి లోపలి వాల్వులు కనిపించేలా చేశాడు. మైకు తీసుకుని, "ఆ రోజు అమ్మగారు చేసిన చిన్న పొరపాటు మాస్టారిని జీవితాంతం బాధపెట్టింది" అన్నాడు. ఈ పెట్టెకు మాస్టారి పేరు పెడుతున్నానన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు.

నేను లేచి వెళ్ళాను. ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. ప్లగ్గు పీకాను.

"అన్నయ్యా" అన్నాడు వాడు గొంతు తగ్గించి. "ఇందులో ఆ రెసిస్టరు పెట్టాను. ఇప్పుడు అన్నిట్లోనూ పెడుతున్నాను."

"ఎప్పటినుంచి?"

"అమ్మగారు పోయినప్పటినుంచి."

"ఆ సంగతి ఆయనకి చెప్పావా?"

వాడు అప్పుడు మైకు ఆపాడు. అప్పటిదాకా అది వాడి చేతిలో పనిచేస్తూనే ఉంది కాబట్టి మా మాటలన్నీ హాల్లో అందరికీ వినపడ్డాయి.

చదువుతున్నవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి వాల్వు పెట్టె ఉంటే, మూత లేకపోతే, ఎవరు ఎలా కట్టారో తెలియకపోతే, ప్లగ్గు పీకి అలాగే వదిలేయండి. తుడవొద్దు, విప్పొద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దు. పని తెలిసినవాళ్ళను పిలవండి. మాస్టారు చెప్పకుండా వదిలేసిన సగం ఇదే. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. అమ్మగారు ఏ పొరపాటూ చేయలేదు. ప్లగ్గు పీకే తుడిచారు.

బల్ల మీద రాలిన పూలరేకులు తియ్యడానికి ఎవరో తడిగుడ్డ తెచ్చారు. మాస్టారి కూతురు వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపింది. ప్లగ్గు నా చేతిలో వేలాడుతోంది. మూత కన్నాల్లోంచి గాజు వాల్వుల ఎరుపు ఇంకా కనిపిస్తూనే ఉంది, పోతూ పోతూ పోకుండా. దాని అవతల, ఫొటోకి దండ వేసి కూడా ముఖమెత్తి ఆ ఫొటో వైపు చూడలేక నిలబడ్డాడు చిన్నాడు, నా తమ్ముడు.